జక్కూరు నుంచి రేణిగుంటకు రెండు సీట్ల విమానంలో: ఎంత ఇంధనం, ఎక్కడ బస, ఏది ముందు తేల్చుకోవాలి

మదనపల్లె, పలమనేరు, చిత్తూరు, తిరుపతి వాళ్లకు చిన్న విమానం నడపడం నేర్చుకోవాలంటే అందుబాటులో ఉన్న పాత స్థావరం బెంగళూరు జక్కూరు ఏరోడ్రోమే. అక్కడి ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు 1949 నాటిది. మైక్రోలైట్లు (అతి తేలిక విమానాలు) ఎగరేసే ప్రైవేటు వాళ్లూ అక్కడ ఉన్నారు. లైసెన్సు చేతికి రాగానే, చాలామందికి రాకముందే, మనసు పోయేది తిరుపతి మీదకే. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే 118 నాటికల్ మైళ్లు, అంటే 219 కిలోమీటర్లు. బస్సులో ఐదారు గంటలు, రెండు సీట్ల సెస్నా 152 విమానంలో గంటా పావు. ఎగరడం వరకు ఇది తేలికైన దారే. ఇంధనం, పార్కింగు, దర్శనం టైము అనే మూడు లెక్కలు ఒకదానితో ఒకటి పొసగకే ఎక్కువ ప్రయాణాలు చెడతాయి.

ముందు జక్కూరు సంగతి. తిరుపతి, చిత్తూరు బస్సులు కోలారు, హోస్కోట మీదుగా వస్తాయి. మెజెస్టిక్ దాకా వెళ్లకుండా కె.ఆర్.పురం దగ్గర దిగి, రింగు రోడ్డు మీద హెబ్బాళ చేరితే గంట కలిసొస్తుంది. బస సహకారనగర్‌లోనో యలహంకలోనో తీసుకోండి. సిటీలో చుట్టాల ఇల్లుంది కదా అని జయనగర్‌లో దిగితే ఉదయం స్లాటు (మీకు కేటాయించిన ఎగిరే వేళ) ట్రాఫిక్ పాలే. ఉదయం ఏడు నుంచి పదింటి మధ్య గాలి నిలకడగా ఉంటుంది, నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే గంటలు అవే. పదకొండు దాటితే నేల వేడెక్కి విమానం ఎగిరెగిరి పడుతుంది, ల్యాండింగు సాధనకు పెట్టిన డబ్బులో సగం గాలితో కుస్తీకే పోతుంది.

స్కూలు ఎంచుకునేటప్పుడు ఎన్ని విమానాలున్నాయని అడగొద్దు. ఈ వారం ఎగిరినవి ఎన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, వరుసలో విద్యార్థులు ఎందరు అని అడగండి. పీపీఎల్‌కు (ప్రైవేటు పైలట్ లైసెన్సుకు) డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అడిగేది 17 ఏళ్ల వయసు, పదో తరగతి పాసు, క్లాస్ 2 మెడికల్, కనీసం 40 గంటల ఫ్లయింగు. అందులో ఒంటరిగా 5 గంటల క్రాస్ కంట్రీ (ఒక ఏరోడ్రోమ్ నుంచి మరోదానికి దూర ప్రయాణం) ఉండాలి. ఆ క్రాస్ కంట్రీలో ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, రెండు వేర్వేరు ఏరోడ్రోమ్‌లలో దిగి ఆగేలా చేయాలి. వారానికి ఒక్క గంట ఎగిరితే 40తో తేలదు, ప్రతిసారీ మొదటి పావుగంట మరిచింది గుర్తు చేసుకోవడానికే సరిపోతుంది. సెలవు పెట్టి మూడు నాలుగు వారాలు ఒకే బిగిన ఎగిరినవాళ్లకే ఖర్చు తక్కువ పడుతుంది. మెడికల్ మాత్రం ఫీజు కట్టకముందే చేయించుకోవాలి. ఈ వరస తిరగేసి తర్వాత తల పట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇక తిరుపతి ప్రయాణం. సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. రేడియోలు, పరికరాలు బిగించాక ఖాళీ విమానమే 510 నుంచి 520 కిలోలు తూగుతుంది. వాడుకోదగ్గ ఇంధనం నిండా పోస్తే 92 లీటర్లు, బరువు 67 కిలోలు. మిగిలే 170 కిలోలలోనే ఇద్దరు మనుషులు, సంచులు. ఇద్దరూ ఎనభై కిలోల వాళ్లయితే సామాను పది కిలోలు దాటకూడదు. తిరుగు ప్రయాణంలో లడ్డూ డబ్బాలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి, నవ్వులాటకు చెప్పడం లేదు.

గంటకు సుమారు 23 లీటర్లు తాగుతుంది. పోను రాను గాల్లో 2 గంటల 35 నిమిషాలు, నేల మీద నడపడానికీ (ట్యాక్సీ) ఎత్తెక్కడానికీ పావుగంట, నిల్వగా 45 నిమిషాలు. మొత్తం 82 లీటర్లు. అంటే జక్కూరులో ట్యాంకులు నింపుకుని వస్తే రేణిగుంటలో చుక్క పోయకుండా తిరిగి వెళ్లొచ్చు. అలాగే ప్లాను చేయాలి కూడా. పెద్ద విమానాలు వాడేది జెట్ ఇంధనం. మనకు కావలసిన ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) అక్కడ దొరుకుతుందన్న నమ్మకంతో బయల్దేరొద్దు. జూన్, జులైలో పడమటి గాలి 30 నాట్లు (గంటకు సుమారు 55 కిలోమీటర్లు) వీస్తే తిరుగు ప్రయాణమొక్కటే రెండు గంటలకు చేరువవుతుంది, అప్పుడు ఈ లెక్క బొటాబొటి.

లైసెన్సు క్రాస్ కంట్రీ కోసం కొందరు జక్కూరు, తిరుపతి, కడప త్రికోణం గీస్తారు. అది దాదాపు 297 నాటికల్ మైళ్లు. కాగితం మీద అందంగా ఉంటుంది కానీ దారిలో ఇంధనం ఏర్పాటు లేకుండా 152లో పెట్టుకోవద్దు, నిల్వతో కలిపి ట్యాంకు అడుగంటుతుంది. అయినా వెళ్లాలనుకుంటే రేణిగుంట నుంచి కడపకు నేరుగా శేషాచలం అడవి మీదుగా పోకండి. ఇంజన్ ఆగితే దిగడానికి అక్కడ పొలం ఉండదు. కోడూరు, రాజంపేట, నందలూరు రైలు పట్టాలు పట్టుకుని లోయలోనే వెళ్లాలి. నాలుగైదు నిమిషాలు పెరిగినా కింద ఎప్పుడూ ఓ చేను కనిపిస్తూ ఉంటుంది.

బయల్దేరే ముందు ఫ్లైట్ ప్లాన్ వేసి ఏడీసీ (వాయు రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు తీసుకోవాలి, అవి లేకుండా క్రాస్ కంట్రీ లేదు. జక్కూరు చుట్టూ యలహంక వైమానిక స్థావరం, కెంపేగౌడ, హెచ్ఏఎల్ విమానాశ్రయాలున్నాయి కాబట్టి ఏటీసీ (విమానాల రాకపోకలను నడిపించే కంట్రోలు) చెప్పిన ఎత్తు దాటకూడదు. వాళ్లు వదిలాక తూర్పుకు 5,500 అడుగులు, తిరుగులో 6,500. కోలారు కుడివైపు ఐదారు మైళ్లలో జారిపోతుంది, పుంగనూరు దాదాపు ముక్కు కిందే వస్తుంది. అక్కడి నుంచి పీఠభూమి మెట్లు మెట్లుగా దిగిపోతుంది. పాకాల జంక్షన్ కనబడ్డాక జీపీఎస్ చూడక్కర్లేదు, రైలు పట్టా చంద్రగిరి, తిరుపతి మీదుగా రేణిగుంట దాకా తీసుకెళ్తుంది. 5,500 నుంచి సర్క్యూట్ ఎత్తుకు (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే ఎత్తు, నేలకు సుమారు వెయ్యి అడుగులు) నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగాలంటే పద్నాలుగు మైళ్లు పడుతుంది. కనుక పాకాల దాటాక ఏటీసీని అడిగి దిగడం మొదలుపెట్టాలి. పవరు తగ్గించే ముందు కార్బురేటర్ హీట్ లాగండి. వానాకాలపు తేమలో 25 డిగ్రీల వేడిలోనూ కార్బురేటర్‌లో మంచు పడుతుంది.

తిరుమల కొండ ఎడమవైపు ఉంటుంది. ఆ కొండ మీదుగా విమానాలు వెళ్లకూడదని టీటీడీ ఎన్నాళ్లుగానో కేంద్రాన్ని అడుగుతోంది. ఫొటో కోసం అటు మళ్లే పైలట్లను తోటి పైలట్లే క్షమించరు. పడమటి గాలి ఉన్న రోజుల్లో కొండల తూర్పు వైపున సుడులు తిరుగుతుంది. చంద్రగిరి దగ్గర కుదుపులు మొదలయితే వేగం తగ్గించి పట్టీ బిగించుకోవడమే.

రేణిగుంట రన్‌వే చిన్న విమానానికి సముద్రమంత. జక్కూరు ఇరుకు రన్‌వేకి అలవాటుపడ్డ కన్ను వెడల్పైనదాన్ని చూసి, నేల దగ్గరికి వచ్చేశాం అనుకుంటుంది. ఎత్తులోనే ముక్కు లేపేస్తారు, వేగం చచ్చి విమానం దబ్బున కూలబడుతుంది. రన్‌వే మొదలు చూడ్డం మానేసి చివర వైపు చూపు నిలిపితే ఈ భ్రమ పోతుంది. ముందు ఎయిర్‌బస్ దిగితే దాని వెనక గాలి సుడులు సద్దుమణిగేలా మూడు నిమిషాలు ఆగాలి. అది నేల తాకిన చోటు దాటాకే మన చక్రాలు ఆనాలి. రన్‌వేకి పొడవు కొదవ లేదు, తొందరపడి మొదట్లోనే దించనక్కర్లేదు.

సేవల మాటకొస్తే, ఏటీసీ వాళ్లు చిన్న విమానాలను ఓపికగానే చూస్తారు. పార్కింగు బే (విమానం నిలిపే చోటు) దొరకడం, విమానాశ్రయం తెరిచి ఉండే వేళలు, హ్యాండ్లింగు (నేల మీద విమానానికీ మనకూ అందించే సేవలు) మాత్రం ముందుగానే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. ముఖ్యంగా హ్యాండ్లింగు. నోటిమాటగా చెప్పిన రేటు, చేతికొచ్చే బిల్లు వేరువేరుగా ఉండడం ఈ రంగంలో ఎక్కడైనా జరిగేదే. ఏమేమి కలిపి ఎంత, రెండో రోజుకు ఎంత, బయటకీ లోపలికీ తీసుకెళ్లే బండికి విడిగా ఎంత అని మెయిల్లో రాయించుకోండి.

పెద్ద విమానాల కోసం వేసిన కాంక్రీటు మీద మన విమానాన్ని కట్టేసే కొక్కేలు ఉంటాయని అనుకోవద్దు. చక్రాలకు అడ్డుకట్టలు, 300 కిలోలకు పైగా లాగుడు తట్టుకునే తాళ్లు, పిటాట్ గొట్టానికి (గాలి వేగం కొలిచేది) తొడుగు, స్టీరింగు కదలకుండా ఆపే కంట్రోల్ లాక్ వెంట తెచ్చుకోవాలి. కొక్కెం లేకపోతే ఇసుక బస్తాలకు కట్టొచ్చు, అది కూడా ముందే అడగాలి. మే నెల సాయంత్రపు ఈదురుగాలికి కట్టని 152 గాలిపటంతో సమానం.

బసకు మూడు దారులు. రేణిగుంటలో ఉంటే విమానానికి దగ్గర, కొండకు దూరం. పొద్దున్నే తిరిగి ఎగరాలనుకునేవాళ్లకు చివరి రాత్రికి ఇదే మేలు. తిరుపతిలో టీటీడీ వసతుల్లో విష్ణు నివాసం రైల్వే స్టేషన్ ఎదురుగా, శ్రీనివాసం బస్టాండు ఎదురుగా. గదులు సాదాగా, శుభ్రంగానే ఉంటాయి, అడుగు బయట పెడితే కొండ బస్సు. కానీ జనం సందడికి నిద్ర పట్టడం కష్టం, మర్నాడు విమానం నడిపేవాళ్లకు అది పెద్ద లోటే. కొండ మీద గది దొరికితే దర్శనానికి హాయి, తిరుగు ప్రయాణానికి మాత్రం ఘాట్ రోడ్డు, ఊరు, ఆ తర్వాత పదిహేను కిలోమీటర్లు. మా ఓటు మొదటి రాత్రి తిరుపతిలో, రెండో రాత్రి రేణిగుంటలో.

రెండు రాత్రులు ఎందుకంటే, మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ముందే బుక్ చేసుకున్నా క్యూ ఎప్పుడు వదులుతుందో చెప్పలేం. మనం ఎగరాల్సింది వెలుతురులో. ఉదయం దర్శనం, సాయంత్రం విమానం అని పెట్టుకున్నవాళ్లు అలిసిపోయి, పొద్దుగూకుతుంటే తొందరతో జక్కూరు వైపు, అదీ సూర్యుడికి ఎదురుగా బయల్దేరుతారు. అంతకన్నా చెడ్డ ప్లాను ఉండదు. అలిపిరి మెట్లు నడిచి ఎక్కిన రోజు అసలు ఎగరొద్దు, కాళ్లు వణుకుతుంటే రడ్డర్ (తోక చుక్కాని) పెడళ్లు సరిగా తొక్కలేం. రాగి సంగటి, నాటుకోడి పులుసు కూడా ఎగరని రోజుకు దాచుకోండి. విమానం రోజు పొద్దున రెండు ఇడ్లీలు చాలు.

గుంపుగా రావడంలో ఉన్న సుఖమే వేరు, పద్ధతి ఉంటే. రెండు విమానాలు వస్తే పక్కపక్కన ఎగరొద్దు, పావుగంట ఎడంతో బయల్దేరాలి. ముందు దిగినవాళ్లు గాలి, బే, కుదుపుల కబురు వెనకవాళ్లకు చేరవేస్తారు. ముచ్చట్లు రేడియోలో కాదు, కింద చెట్టు నీడన. జక్కూరులో ఉండిపోయిన ఒకరి దగ్గర అందరి చేరే టైములు ఉండాలి. అనుకున్న టైముకు అరగంట దాటినా కబురు లేకపోతే ఫోన్లు మొదలుపెట్టే బాధ్యత ఆయనదే. పీపీఎల్ మీద డబ్బు తీసుకుని ఎవర్నీ తిప్పకూడదు. కాబట్టి "అన్నా, నాకూ ఒక సీటు, ఎంతైనా ఇస్తా" అనే స్నేహితులకు మొహమాటం లేకుండా కాదనాలి. కొత్తవాళ్లకు ముందు విమానం తోయడం నేర్పిస్తారు. ప్రొపెల్లర్ పట్టుకుని లాగితే పెద్దవాళ్లు కసురుకుంటారు, కారణం ఉంది. మాగ్నెటో (ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే పరికరం) స్విచ్ తీగ తెగి ఉంటే ఆగిన ఇంజన్ కూడా ఒక్క కుదుపుకు అందుకుంటుంది.

కాలం విషయంలో జనవరి చివర నుంచి మార్చి మధ్య దాకా ఉత్తమం. డిసెంబరు, జనవరి పొద్దుల్లో బెంగళూరు పొగమంచు, నవంబరులో మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. బేసి సంవత్సరాల ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా ఉంటుంది, ఆ రోజుల్లో జక్కూరు కదలికలకు ఆంక్షలు, నోటామ్ (పైలట్లకు జారీ చేసే ప్రకటన) చూడకుండా తేదీలు ఖాయం చేయొద్దు.

తిరుగు రోజు పొద్దున రెక్కల కింద నుంచి ఇంధనం నమూనా తీయాలి. రాత్రి వాన పడితే మూతల అంచుల నుంచి నీళ్లు దిగి ఉండొచ్చు. ఏవ్‌గ్యాస్ లేత నీలం. చిన్న గ్లాసును తెల్ల గోడకు ఎదురుగా పట్టుకుంటే అడుగున నీటి బొట్టు ముత్యంలా కదులుతుంది. గ్లాసంతా ఒకే రంగులో ఉందని సంబరపడొద్దు, నీలం లేకపోతే అది మొత్తం నీళ్లే కావచ్చు. బొట్టు రావడం ఆగేదాకా తీస్తూనే ఉండాలి. ఆయిల్ 4 క్వార్టులకు (సుమారు 3.8 లీటర్లు) తక్కువ ఉండకూడదు. 1,700 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో మాగ్నెటో మీద తగ్గుదల 125 దాటకూడదు, రెండింటికీ తేడా 50 లోపు.

జక్కూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు, రేణిగుంట 350. రెండ్రోజులు కింద తిరిగాక ఆల్టీమీటర్ 4,000 చూపిస్తుంటే ఇంకా ఎత్తులోనే ఉన్నాం అనిపిస్తుంది, నిజానికి అది జక్కూరు సర్క్యూట్ ఎత్తు. 30 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 5,500 అడుగుల మీద గాలంత పలచన, ఎక్కే శక్తిలో నాలుగో వంతుకు పైగా పోతుంది. ల్యాండింగు వదిలి మళ్లీ లేవాల్సి వస్తే ఆ నిర్ణయం తొందరగా తీసుకోవాలి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) ఒక్కసారిగా కాకుండా మెట్టు మెట్టుగా ఎత్తాలి. దిగాక ఫ్లైట్ ప్లాన్ మూయించి, దారిలో గమనించిన లోపం ఏదున్నా టెక్ లాగ్‌లో (విమానం లోపాల పుస్తకంలో) రాయండి. ఇన్‌స్ట్రక్టర్ చెవిన వేసి వెళ్లిపోతే తర్వాతి స్లాటులో ఎగిరేవాడికి ఆ సంగతి తెలియదు.