పదిహేనేళ్ల బరోలో, తాడిపత్రి దారిలో చీనీ తోట

మిలాన్‌లో ఉద్యోగం చేసే మా ఫ్రెండ్, వాళ్లావిడ మొన్న సంక్రాంతికి అనంతపురం వస్తూ నాలుగు సీసాల పాత ఇటలీ రెడ్ వైన్ మోసుకొచ్చారు: బ్రునెల్లో, తౌరాసి, బరోలో, అమరోనె, ఒక్కో రకం ఒక్కోటి. కస్టమ్స్‌లో మనిషికి 2 లీటర్ల వరకే సుంకం ఉండదు, అంటే తలా రెండు సీసాలు. ఖర్చు ఆరుగురం పంచుకుంటే ఒక్కొక్కరికి 4,000 పడింది. తాడిపత్రి దారిలో మా చిన్నాన్న వాళ్ల చీనీ తోటలో షెడ్డు ముందర కూర్చున్నాం, రాత్రికి పడక కూడా అక్కడే, ఎవరూ బండి తీసే పని లేదు. నాలుగు వేలంటే తక్కువేం కాదు, అందుకే ఏది బాగుంది, ఏది మా చేతులతో మేమే చెడగొట్టుకున్నాం అన్నది వివరంగా రాస్తున్నా.

జనవరి కావడం కలిసొచ్చింది. ఈ వైన్లు 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగాలి, అదే మన ఏప్రిల్‌లో అయితే గ్లాసులో పోసిన కాసేపటికే వేడెక్కి స్పిరిట్ వాసన ముక్కుకు కొడుతుంది. పాత వైన్‌లో మడ్డి ఉంటుంది, అది గ్లాసులోకి వస్తే నాలుక మీద ఇసకలా తగులుతుంది, అందుకే రెండు రోజుల ముందే సీసాలను నిలువుగా పెట్టి అడుక్కి దిగనిచ్చాం. అంత చేసీ బరోలో బిరడా సగానికి విరిగింది. అన్నేళ్ల బిరడా మెత్తబడి ఉంటుందని తెలిసి కూడా తొందరపడి లాగాం. కొత్త టీ జల్లెడలో వడగట్టి గాజు జగ్గులోకి వంచుతూ, సీసా మెడ వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూస్తూ, మడ్డి కనపడగానే ఆపేశాం.

మొదట 2012 బ్రునెల్లో, అంటే 2012లో కోసిన ద్రాక్షతో చేసింది. టస్కనీలో మోంటల్చీనో అనే కొండ ఊరి చుట్టుపక్కల, ఒక్క సాంజోవేసే ద్రాక్షతోనే చేస్తారు. కోత అయిన ఐదో ఏడు జనవరి దాకా అమ్మకూడదు, అందులో కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో ఉండాలి. తెరిచిన అరగంటకే దారికొచ్చింది, చెర్రీ రుచి, సన్నగా పొగాకు వాసన, చివర్లో చింతచిగురు లాంటి పులుపు. మొదటిసారి తాగేవాళ్లకు నేను దీన్నే చెప్తా. కాంపానియా నుంచి వచ్చిన 2012 తౌరాసి మాత్రం ఇంకా మొరటుగానే ఉంది, మాలో ఇద్దరికే నచ్చింది.

ఇక బరోలో, 2010ది. ఇది పియెమోంతెలో లాంగె కొండల మీద పండే నెబ్బియోలో ద్రాక్ష. రంగు చూస్తే ఎవరికీ నమ్మకం కలగదు, పలచటి టీ డికాషన్‌లా, అంచున ఇటుక రంగు. మొదటి గుక్కకు కరక్కాయ కొరికినట్టు నోరంతా వగరు పట్టేసింది. "ఏమప్పా, దీనికా ఇంత డబ్బు" అన్నాడు మావాడొకడు, నాకూ లోపల అదే అనిపించింది. ఆ వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ కొంత మడ్డిగా దిగిపోయి వైన్ మెత్తబడుతుంది. అందుకే బరోలోను 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కలో ఉంచాకే బయటికి వదలాలని రూలు. గాలి తగిలి కాస్త మెత్తబడుతుందని జగ్గును అలాగే వదిలేసి మిగతావి తాగుతూ మూడో గంటకు మళ్లీ పోసుకున్నాం. అసలు అదే వైనా అనిపించింది! దేవుడి పటం దగ్గర రెండు రోజులుండి ఎండిన గులాబీ రేకుల వాసన, దాని కింద కొత్తగా వేసిన తారు రోడ్డు వాసన, మింగాక మన ఎర్రనేల మీద తొలి చినుకులు పడినప్పటి వాసన చాలాసేపు నిలిచింది. ఆ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తెరవగానే తాగేసి ఉంటే మా డబ్బు నిజంగా వృథా అయ్యేది.

తిండి విషయంలో తప్పు చేశాం. ఇంటి నుంచి రాగి సంగటి, నాటుకోడి పులుసు తెచ్చుకున్నాం, పులుసు మన కారంతోనే ఉంది. కారం, వగరు, ఆల్కహాల్ మూడూ కలిస్తే నోరు మండడం తప్ప వైన్ రుచి తెలియదు. ఉప్పు, మిరియాలు మాత్రమే వేసి నిప్పుల మీద కాల్చిన పొట్టేలు మాంసం మాత్రం అద్భుతంగా కుదిరింది, కొవ్వున్న ముక్క నమిలి గుక్క వేస్తే వగరు తగ్గిపోయింది. పులుసును గ్లాసులు ఖాళీ అయ్యాక తినండి.

ఐదో సీసా ఇంకొక ఫ్రెండ్‌ది. ఎవరో బహుమతిగా ఇచ్చిన కియాంతి, అదీ ఇటలీ రెడ్ వైనే, టౌన్లో ఇంట్లో బీరువాలో నాలుగేళ్లు దాచాడు. నాలుగు అనంతపురం వేసవులు! బిరడా పైకి తన్నుకొచ్చి ఉంది, లోపల ఉడికిన ద్రాక్షపళ్ల వాసన, పారబోశాం. దాచిపెట్టాలంటే 12, 14 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. అవి లేకపోతే తెచ్చిన చలికాలంలోనే తాగేయండి. పాపం, వాడు ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నాడో.

చివర్లో 2013 అమరోనె. వెరోనా దగ్గర వల్పోలిచెల్లాలో కోసిన ద్రాక్షను మూడు నెలలకు పైగా ఆరబెట్టి, వాడిపోయాక నలిపి వైన్ చేస్తారు, అందుకే అంత చిక్కదనం. మా సీసా మీద ఆల్కహాల్ 15.5 శాతం అని ఉంది. ఎండు ఖర్జూరం, కోకో రుచి. రెండు గుక్కలకే నాకు చాలనిపించింది. మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు సాయంత్రానికి కూడా చెక్కుచెదరలేదు, ఉప్పు వేసి వేయించిన చెనక్కాయలతో ఇంకా బాగుంది.

వచ్చే సంక్రాంతికి ఏం తేవాలని మావాడు అడిగితే బార్బరెస్కో తెమ్మన్నాం. అదే నెబ్బియోలో, 26 నెలలకే బయటికొస్తుంది, కొంచెం త్వరగా దారికొస్తుందని ఆశ. జగ్గు మాత్రం మధ్యాహ్నమే నింపి పెడతాం.