20 హెచ్‌పీ హ్యాండిల్ మోటారు, బ్యాక్‌వాటర్‌లో చానా రోజులు నడిపినాక

పెట్రోల్ ఎంత తాగుతాది, సర్వీస్ ఎప్పుడు, టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా, ఇవన్నీ కొనేముందే అందరూ కనుక్కుంటారు, అవి రాయను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, చేత్తో హ్యాండిల్ పట్టి తిప్పే బోటుకు ఎన్ని హెచ్‌పీల దాకా పెట్టొచ్చు అని. మాది 14 అడుగుల ఫైబర్ బోటు, అడుగు చదునుగా ఉంటాది, వెనక మోటారు బిగించే పలక 5 అడుగుల వెడల్పు. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ముచ్చుమర్రి, సంగమేశ్వరం మధ్యన తిరుగుతాది (కాగితాల్లో నంద్యాల జిల్లాకు పోయింది గానీ మాకు ఇప్పటికీ కర్నూలే). దానికి 20 పెట్టినాం. ఆ 20 అంటే నాకు ప్రాణం.

కొనేటప్పుడు షాపాయన "అన్నా, దీనికి 40 కూడా కూర్చుంటాది, ఎగిరిపోతాది బోటు" అన్నాడు. బిగించడానికి కూర్చుంటాది, నిజమే. మా బావ అదే అచ్చులో పోసిన బోటు తీసుకొని 40 పెట్టించుకున్నాడు, అదీ హ్యాండిల్‌తోనే. అందుకే రెండూ నడిపి చూసే అవకాశం నాకు దొరికింది.

అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్లకు 20 అడుగుల లోపు బోట్లకు ఒక లెక్క ఉంది. పొడవును వెనక పలక వెడల్పుతో గుణించాలి, మాకు 14 ఇంటూ 5, 70 వస్తాది. స్టీరింగ్ చక్రం ఉండి, పలక ఎత్తు 20 అంగుళాలకు తక్కువ కాకుండా ఉంటే ఆ 70ని రెట్టింపు చేసి 90 తీసేస్తారు, అంటే 50 హెచ్‌పీ. అదే చేతి హ్యాండిల్ అయి, అడుగు మాదాని మాదిరి చదునుగా, పక్కలు మూల తిరిగి ఉంటే 70లో సగం 35, అందులో 15 పోతే 20. బోటు అదే, పొడవు అదే, తిప్పే పద్ధతి మారేసరికి 50 కాస్తా 20 అయిపోయింది, ఇది షాపులో ఒక్కరూ చెప్పరు. అడుగు వి ఆకారంలో ఉన్నోళ్లకు 70ని 0.8తో గుణించి 25 తీసేస్తారు, 31 వస్తాది, దాన్ని పైకి జరిపి 35 అంటారు. గుణించిన అంకె 52 దాటితేనే ఈ లెక్క, అంతకన్నా చిన్న బోట్లకు వేరే పట్టీ ఉంది.

ఎందుకంత తేడా అనేది బావ బోటులో నా కళ్లముందే తెలిసింది. పైనుంచి కృష్ణ నీళ్లు ఎర్రగా దిగుతున్న రోజులు, బోటు ఖాళీ, వెనక బావ, నడిమి కూర్చునే బల్ల మీద నేను. మోటారు బరువు, పెట్రోల్ ట్యాంకు, మనిషి, అన్నీ వెనకే కాబట్టి ముక్కు పైకి లేచి ముందర ఏముందో బావకు సరిగ్గా కనపడదు. ఫుల్‌లో పోతావుంటే ఇంకో బోటు అల అడ్డం వచ్చింది, మొహం మీద నీళ్లు కొట్టినాయి, తుడుచుకోను బావ చెయ్యి ఎత్తినాడు. కన్ను మూసి తెరిచేలోపల హ్యాండిల్ ఆ కొసకు పోయి టక్ మని తగిలింది. బోటు ఉన్నచోటే గిర్రున తిరిగి ఒక పక్క అంచు నీళ్లలోకి దిగింది, నేను బల్ల పట్టుకొని వేలాడినా, తల తిప్పి చూస్తే బావ లేడు. హ్యాండిల్ పిడికి ఉండే యాక్సిలరేటర్ స్కూటర్‌ది మాదిరి వదిలితే వెనక్కి రాదు, బిగించి పెట్టుకుంటే ఎక్కడుంటే అక్కడే ఉంటాది, అంటే ఇంజన్ అదే ఫుల్‌లో తిరిగి తిరిగి పడిన మనిషి మీదికే రావాల. రాలేదు, ఎందుకంటే బావ మణికట్టుకు ఎర్ర తాడు ఉండె, దాని రెండో కొస క్లిప్‌తో మోటారు ఆపే స్విచ్‌కు తగిలించి ఉంటాది, ఆయన పడంగానే క్లిప్ ఊడి ఇంజన్ చచ్చిపోయింది. లైఫ్ జాకెట్ వేసుకున్నాడు, తేలినాడు. బోటు ఎక్కించుకొనేటప్పుడు చూస్తే ఆ తాడు మెలికలు మెలికలుగా మణికట్టుకే వేలాడుతావుంది, తాడు పడిన చోట చర్మం కమిలి ఎర్రగా లేచింది. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి చిన్న బోట్లు స్పీడుగా పోయేటప్పుడు ఆ తాడు కట్టుకోవడం చట్టం. ఈడ చానామంది దాన్ని మోటారుకే చుట్టి పెడతారు, దయచేసి అట్ల చేయొద్దండి.

20 కూడా చెయ్యి వదిలితే తిరుగుతాది, తిరగదని చెప్పను. కానీ ఆ లాగుడు మోచేతితో ఆపుకునేంత ఉంటాది. నీళ్లు తగ్గినాక మునిగిన మొద్దులకు, పాత గోడలకు తగిలినప్పుడు కూడా అంతే, కింది భాగం వెనక్కి లేచి హ్యాండిల్ దబ్బున కిందికి వస్తాది, 20ది తొడకు తగిలితే నొప్పితో పోతాది, 40ది అంత బరువుతో మోకాలి మీద పడితే నేను ఊహించుకోను కూడా ఊహించుకోలేను.

మొదట్లో మా 20ని అందరి కాడా బాగా పొగిడినా, దాంట్లో కొంచెం తగ్గించి చెప్పాల. ఐదుగురు ఎక్కి తడి వలలు వేసుకుంటే బోటు నీళ్ల మీదికి లేవదు, తోసుకుంటా పోతాది. ఆషాఢం గాలికి ఎదురు పోవాలంటే ఓపిక కావాల. ఎక్కువసేపు పడితే అరచెయ్యి తిమ్మిరెక్కుతాది, రబ్బరు పిడి మార్చినా పెద్దగా తేడా రాలేదు.

మాకు రోజూ ఇద్దరం ముగ్గురమే, దూరం తక్కువ, తొందర లేదు, కాబట్టి 20 సరిపోయింది. టూరిస్టులను ఎక్కించేవాళ్లు, దూరం పోయేవాళ్లు నా మాట ఉన్నదున్నట్టు తీసుకోవద్దు, టేపు పెట్టి మీ పలక కొలుచుకోండి. మా బావ 40ని అమ్మలేదు, స్టీరింగ్ చక్రం, కేబుల్ వేయించి సీటు నడిమికి జరిపించినాడు, ఆయన పలక ఎత్తు 20 అంగుళాలు ఉంది కాబట్టి 50 లోపలే ఉన్నాడు. పలక ఎత్తు 15 అంగుళాలే ఉన్నోళ్లు మాత్రం చక్రం పెట్టించినా ఆ హ్యాండిల్ లెక్కే పట్టుకోవాల, డబ్బులు పోసినంత మాత్రాన హెచ్‌పీ పెంచుకోవడానికి లేదు.