పంగిడి నల్ల కంకర: రాయికి ఫుల్ మార్కులు, సప్లయరుకి సగం

మా కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రే, ఇసకే. రాయి కావాలంటే కొనుక్కోవాల్సిందేనండి. శ్లాబుకి కొవ్వూరు దగ్గర పంగిడి నుంచి 20 ఎంఎం నల్ల కంకర తోలించాం. రాయికి వంక పెట్టలేం: మంచి బరువు, పదునైన అంచులు, సిమెంటు గట్టిగా పట్టింది. పట్టదా మరి, దక్కన్ లావా అది! సుమారు 6.5 కోట్ల ఏళ్ల క్రితం పడమటి కనుమల వైపు పొంగి, నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారొచ్చి ఇక్కడ గడ్డకట్టిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల మాట. లావా పొరల మధ్య నత్తగుల్లలున్న సున్నపురాయి కూడా ఉంది. గోదావరికి అవతల కాతేరులోనూ అంతే.

సప్లయరు సంగతే బాలేదు. లారీ అడుగున అంతా డస్టే, జల్లించుకుని వాడాం. దించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.