నెవార్కా, జేఎఫ్‌కేనా? అమ్మాయిది ఎడిసన్, తమ్ముడిది ఫ్లషింగ్

న్యూయార్క్ వెళ్తున్నామని ఊరంతా చెప్పి బయలుదేరే మన తెలుగువాళ్లలో చాలామందికి నిజంగా పని ఉండేది న్యూజెర్సీలో. ఎడిసన్, ఇసెలిన్, పిస్కాటవే, మన్రో, ప్లెయిన్స్‌బరో... పిల్లల ఇళ్లన్నీ అటువైపే. టికెట్ వెతికేటప్పుడు మాత్రం 'న్యూయార్క్' అని కొట్టి, ఏది చవగ్గా కనిపిస్తే అది కొనేస్తారు. 2022 అక్టోబరు నుంచి ఇందులో ఇంకో చిక్కు వచ్చిపడింది. అంతకుముందు టికెట్ల కోసం న్యూయార్క్ నగరానికున్న ఉమ్మడి కోడ్‌లో న్యూజెర్సీలోని నెవార్క్ ఎయిర్‌పోర్ట్ కూడా ఉండేది, ఇప్పుడు దాన్ని విడదీశారు. అందుకని కొన్నిచోట్ల న్యూయార్క్ అని వెతికితే నెవార్క్ టికెట్లు కనపడకపోవచ్చు. విడిగా ఇంకోసారి చూసుకోవాలి.

మాకు ఈ గొడవ రెండింతలు. అమ్మాయి ఎడిసన్‌లో ఉంటుంది, మా తమ్ముడు న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, ఫ్లషింగ్ దగ్గర. ఎవరింటికి ముందు వెళ్తామన్నదాన్ని బట్టి ఎయిర్‌పోర్ట్ మారుతుంది. ఏ ఎయిర్‌పోర్ట్ అన్నదాన్ని బట్టి అలిగేవాళ్లు మారతారు.

అసలు మా నెల్లూరు వాళ్లకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. మాకు శంషాబాద్ కంటే చెన్నై దగ్గర. హైవే మీద 175 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటల్లో మీనంబాక్కంలో ఉంటాం. శంషాబాద్ నుంచి టికెట్ పదివేలు తక్కువని చూపించినా, రాత్రంతా కారులో కూర్చుని అటు పోయేవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. ఇక్కడ ఇంత కచ్చితంగా ఉండేవాళ్లం అమెరికా వైపు దిగేచోటు దగ్గరికొచ్చేసరికి మాత్రం డాలర్ల తేడా చూసి మెత్తబడిపోతాం. అక్కడ కారు నడిపేది మనం కాదు కదా, అల్లుడు!

ఎడిసన్‌కి నెవార్క్ దాదాపు ఇరవై మైళ్లు. ట్రాఫిక్ లేకపోతే అరగంట. క్వీన్స్‌లో ఉన్న జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ అయితే నలభై మైళ్ల పైమాటే, పైగా ఆ దారి మామూలు దారి కాదు. బెల్ట్ పార్క్‌వే మీద సముద్రం పక్కనుంచి వచ్చి, వెరజానో బ్రిడ్జి దాటి, స్టాటెన్ ఐలాండ్ అడ్డంగా కోసుకుని, గోథల్స్ బ్రిడ్జి మీదుగా న్యూజెర్సీలో పడాలి. గంటా పది నిమిషాల్లో రావచ్చు, శుక్రవారం సాయంత్రమైతే రెండున్నర గంటలూ పట్టొచ్చు. టోల్ సంగతి ఇంకా తమాషా. వెరజానో మీద 2020 డిసెంబరు నుంచి రెండువైపులా వసూలు చేస్తున్నారు. గోథల్స్ మీద మాత్రం న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడే. అంటే మనల్ని తీసుకురావడానికి అల్లుడు పోయేటప్పుడు రెండు టోళ్లు, తిరిగొచ్చేటప్పుడు ఒకటి. మాన్‌హాటన్ మీదుగా పోదామంటే, 2025 జనవరి నుంచి 60వ వీధికి దిగువన అడుగుపెట్టే కార్లకి పగటిపూట తొమ్మిది డాలర్ల రుసుము పెట్టారు. టికెట్ మీద ఆదా అయిన డబ్బులో కొంత ఈ వంతెనలకే పోతుంది. మిగిలింది అల్లుడు ఆఫీసుకి పెట్టే సెలవు కింద జమ.

అందుకని ఎడిసన్ ముందు అనుకుంటే నేను నెవార్క్ తప్ప ఇంకోమాట ఎత్తను. చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో, లండన్ మీదుగానో దొరుకుతుంది. దుబాయ్ నుంచి ఏథెన్స్‌లో ఆగి నెవార్క్ వచ్చే విమానం కూడా ఉంది. కాకపోతే అది దూరం, నడుమ ఏథెన్స్‌లో దిగి మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మావారి లాంటి వాళ్లకి అది నప్పదు. యూరప్ మీదుగా వచ్చే ఈ విమానాలు ఎక్కువగా బి టెర్మినల్‌కి వస్తాయి. అదేమంత కొత్త భవనం కాదు. 2023 జనవరిలో తెరిచిన ఎ టెర్మినల్ చూస్తే కళ్లు చెదురుతాయి గానీ, మనలాంటి వాళ్లకి అది అమెరికా లోపల తిరిగేటప్పుడే ఉపయోగం.

నెవార్క్‌కి ఉన్న అసలు సుఖం రైలు. టెర్మినళ్ల నుంచి రైల్వే స్టేషన్ దాకా తిరిగే ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి నెవార్క్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో దిగితే, అక్కడినుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు ఎలిజబెత్, లిండెన్, రావే, మెట్రోపార్క్, మెటచెన్ దాటి నేరుగా ఎడిసన్. మధ్యలో మారక్కర్లేదు. మా అక్క మనవడు ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు ఒక్కడే ఇలా వచ్చి తలుపు తట్టాడు. ఆ ఎయిర్‌ట్రెయిన్ పాతబడింది, దాని స్థానంలో కొత్తది కట్టే పని నడుస్తోంది. కొన్ని రోజులు దాని బదులు బస్సులు తిప్పుతున్నారు కాబట్టి ముందు చూసుకోండి. జేఎఫ్‌కే నుంచి ఇదే పని రైళ్ల మీద చేయాలంటే ఎయిర్‌ట్రెయిన్‌లో జమైకా, అక్కడ లాంగ్ ఐలాండ్ రైలు ఎక్కి మాన్‌హాటన్‌లోని పెన్ స్టేషన్, అక్కడ మళ్లీ న్యూజెర్సీ రైలు. మనిషికి రెండేసి ఇరవై మూడు కిలోల పెట్టెలతో, అందులో సగం ఆవకాయా కారప్పొడులూ మోసుకుంటూ, ఆ మెట్లూ లిఫ్టులూ అరవై దాటినవాళ్లు చేసే పని కాదు.

నెవార్క్‌కి చెడ్డపేరు కూడా ఉంది, దాచకూడదు. 2025 ఏప్రిల్ 28న అక్కడి విమానాలను నడిపించే కంట్రోల్ కేంద్రంలో రాడార్, రేడియో రెండూ దాదాపు 90 సెకన్లు పనిచేయలేదు. అదే సమయంలో ఒక రన్‌వే మరమ్మతులో ఉంది. వారాల తరబడి ఆలస్యాలు, రద్దులు, ఆఖరికి విమానాల సంఖ్యకి పరిమితి పెట్టారు. ఆ వార్తలు చూసి మా చుట్టాల్లో కొందరు నెవార్క్ అంటేనే వద్దంటున్నారు. నా లెక్క వేరు. విదేశాల నుంచి రోజుకోసారి వచ్చే పెద్ద విమానం ఆలస్యమైనా మనల్ని దింపక మానదు. భయపడాల్సింది నెవార్క్‌లో దిగి, ఇంకో గంటన్నరలో ఇంకో చిన్న విమానం పట్టుకోవాల్సినవాళ్లు. వాళ్లు నడుమ నాలుగు గంటలైనా పెట్టుకోవాలి.

ఇక జేఎఫ్‌కే. ఫ్లషింగ్‌కి అది పది మైళ్ల లోపే. తమ్ముడు వ్యాన్ విక్ రోడ్డు ఎక్కి వచ్చేస్తాడు. దాన్ని రోజూ తిట్టుకుంటూనే వస్తాడు, అది వేరే సంగతి. విమానం దిగిన మర్నాడు బౌన్ వీధిలో వినాయకుడి గుడికి వెళ్లి దండం పెట్టుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తింటే ప్రయాణం బడలిక సగం పోతుంది. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. మన ఊరి గుళ్లలా గంటల మోత, విభూది వాసన. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద దొరకని కూరగాయ లేదు గానీ, ఆ క్యాంటీన్ దోసె మాత్రం ఫ్లషింగ్‌దే.

జేఎఫ్‌కేలో చాలా భాగం ఇప్పుడు కూల్చి కడుతున్నారు, 19 బిలియన్ డాలర్ల పని. లోపలి రోడ్లు మారుతున్నాయి, పికప్ చోట్లు మారుతున్నాయి. మనల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఏ టెర్మినల్ అన్నది ముందే చెప్పాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి పోయే దూరం కాదు. టెర్మినళ్ల మధ్య ఎయిర్‌ట్రెయిన్ ఉచితం, జమైకా వైపు బయటికి వెళ్తేనే డబ్బు. రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ వచ్చేవాళ్లు కారు ఆపుకుని ఎదురుచూసే ఉచిత సెల్‌ఫోన్ లాట్ ఉంది. పెట్టెలు చేతికొచ్చాక ఫోన్ చేస్తే అక్కడినుంచి వస్తారు. ముందే గుమ్మం దగ్గర ఆపి నిలబడదామంటే పోలీసులు కదిలిస్తూనే ఉంటారు.

చూడదగ్గది ఒకటుంది అక్కడ. ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ రూపొందించిన, 1962 నాటి టీడబ్ల్యూఏ విమాన సంస్థ టెర్మినల్‌ని 2019లో హోటల్‌గా తెరిచారు. తమ్ముడు ఒకసారి మమ్మల్ని అక్కడ కాఫీకి తీసుకెళ్లాడు. ఎర్ర తివాచీలు, వంపులు తిరిగిన తెల్లటి పైకప్పు, బయట ఒక పాత విమానం. పగటిపూట కొన్ని గంటలకే గది ఇస్తారు కాబట్టి, నడుమ చాలాసేపు ఖాళీ దొరికినవాళ్లకి పనికొస్తుంది. ధరలు మాత్రం చుట్టాల ఇల్లు దగ్గరున్నవాళ్లు పెట్టేవి కావు. నెవార్క్ చుట్టూ షటిల్ పంపే మామూలు హోటళ్లు బోలెడు ఉన్నాయి. తెల్లవారుజాము విమానముంటే వాటిల్లో ఒకటి చాలు.

మా వయసువాళ్లకి ఎయిర్‌పోర్ట్ కంటే పెద్ద టెన్షన్ ఇమ్మిగ్రేషన్. మధ్యాహ్నం నాలుగైదు పెద్ద విమానాలు ఒకేసారి దిగితే వరుస పాములా తిరుగుతుంది. ఆ వరుస తగ్గించుకోవడానికి పిల్లలు వాడే ఫోన్ యాప్ మన విజిటర్ వీసాకి చెల్లదు. వీల్‌చెయిర్ పెట్టించుకుంటే ఆ వరుస తప్పుతుందంటారు. తప్పుతుంది గానీ ఎప్పుడూ కాదు. ఒకసారి ఒక విమాన సంస్థ వాళ్లు మావారిని దింపి, తోసే మనిషి వస్తాడని గోడవారన కూర్చోబెట్టారు. ముప్పావుగంట గడిచింది, మాతో దిగినవాళ్లంతా బయటపడ్డారు. టికెట్ కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడగాలి, చెక్ఇన్‌లో మళ్లీ గుర్తుచేయాలి, తోసేవాళ్లకి ఇవ్వడానికి ఐదు డాలర్ల నోట్లు పైజేబులో ఉంచుకోవాలి.

ఇమ్మిగ్రేషన్ విషయంలో నేను మెచ్చుకునేది అబుదాబి దారి. అమెరికా అధికారులు 2014 నుంచి అక్కడే కూర్చుని పరీక్ష చేస్తున్నారు. చెన్నై నుంచి అబుదాబి చేరి, అక్కడే పాస్‌పోర్ట్, వేలిముద్రలు, ప్రశ్నలు అన్నీ అయ్యాక న్యూయార్క్ విమానం ఎక్కుతాం. జేఎఫ్‌కేలో దిగితే ఊళ్లో విమానం దిగినట్టే, పెట్టెలు తీసుకుని బయటికి నడవడమే. ఇరవై గంటల ప్రయాణం చివర్లో నిద్రకళ్లతో ఆఫీసర్ ముందు తడబడడం కంటే, నడుమలోనే ఆ పని తీరడం ఎంతో నయం. అయితే నడుమ రెండు గంటల టికెట్ కొనొద్దు, మూడు గంటలైనా ఉండాలి. తిండి వస్తువులు ఏమున్నా ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. ఊరగాయలతో ఇబ్బంది రాలేదు. కరివేపాకు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దే వద్దు. మా వదిన దాచి తెచ్చిన కరివేపాకు రెమ్మలు చెత్తబుట్టలో పడటం కళ్లారా చూశాను.

ఫిలడెల్ఫియా గురించి కూడా ఒక మాట. ఎడిసన్‌కి అది డెబ్బై మైళ్లు, మాకు లాభం లేదు. కానీ ప్రిన్స్‌టన్, ప్లెయిన్స్‌బరో వైపువాళ్లకి అది అందుబాటులోనే ఉంటుంది. అమ్మాయి స్నేహితురాలి అత్తమామలు దోహా మీదుగా అక్కడే దిగుతారు. న్యూయార్క్ వైపు వంతెనలు, సొరంగాలు ఏవీ తగలవు. పెన్సిల్వేనియాలో పిల్లలున్నవాళ్లు నెవార్క్ పేరు ఎత్తడమే దండగ.

క్వీన్స్‌లోనే ఉన్న ఇంకో ఎయిర్‌పోర్ట్ లగార్డియా మనలాంటి వాళ్లకి మొదటిరోజు పనికిరాదు, ఇండియా వైపునుంచి అక్కడికి విమానాలే లేవు. తమ్ముడింటికి మాత్రం అన్నిటికంటే దగ్గర. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు దగ్గరికి అక్కడినుంచే వెళ్లాం. కొత్తగా కట్టిన టెర్మినల్ శుభ్రంగా ఉంది. కాలిఫోర్నియాలోని బే ఏరియాకి వెళ్లాలంటే కుదరదు. 1,500 మైళ్లు దాటిన ఊళ్లకి అక్కడినుంచి నేరుగా విమానాలు నడపకూడదని నిబంధన ఉంది, శనివారాలూ డెన్వరూ తప్ప. రైలు లేదు గానీ జాక్సన్ హైట్స్ వరకు క్యూ70 బస్సు ఉచితం.

తిరుగు ప్రయాణానికి లెక్క మారుతుంది. వచ్చేటప్పుడు ఆలస్యమైతే కారులో కూర్చున్నవాళ్లు విసుక్కుంటారంతే. పోయేటప్పుడు ఆలస్యమైతే విమానం పోతుంది. జేఎఫ్‌కే నుంచి రాత్రి పది, పదకొండుకి బయలుదేరేవి ఎక్కువ. అంటే ఎడిసన్ నుంచి సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకే రోడ్డెక్కాలి. అందుకే ముందురోజే తమ్ముడింటికి చేరి, అక్కడినుంచి వెళ్తాం. వెళ్లేటప్పుడు జేఎఫ్‌కే, వచ్చేటప్పుడు నెవార్క్ పెట్టుకున్నా చాలాసార్లు టికెట్ ధర పెద్దగా మారదు. ట్రావెల్ ఏజెంట్లు తమంతట తాము చెప్పరు, అడిగితే చూస్తారు.

వచ్చే వేసవికి అమ్మాయి అబుదాబి మీదుగా జేఎఫ్‌కేకి చూస్తోంది. గురువారం దిగి రెండు రోజులు తమ్ముడింట్లో ఉంటాం, శనివారం పొద్దున్నే అల్లుడు వచ్చి తీసుకెళ్తాడు. శనివారం పొద్దున బెల్ట్ పార్క్‌వే ఖాళీగా ఉంటుందట. మరదలు అప్పుడే ఫోన్ చేసి, రెండు రోజులేంటి వారం ఉండండి అంటోంది. ఆ పంచాయతీ ఇంకా తేలలేదు.