పల్లెటూరి చార్టర్ స్కూల్లో మా వాడి ఆరేళ్లు

అమెరికాలో మా వాడిని చార్టర్ స్కూల్లో చేర్చామని చెప్పగానే మా అమ్మ ఫోన్లో అడిగిన మొదటి మాట "ఫీజెంత?" ఆ తర్వాత ఇక్కడి తెలుగువాళ్లు కూడా అదే అడిగారు. ఫీజు లేదు. ఇది ప్రభుత్వ బడే. కాకపోతే సొంత పాలకమండలి, సొంత పద్ధతి ఉంటాయి. అనుమతి తీసుకున్నప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నారో లేదో చూసి, మామూలుగా ఐదేళ్లకోసారి అనుమతి పొడిగిస్తారు. మేముండే కాలిఫోర్నియాలో 1992 నుంచి ఈ బడుల చట్టం ఉంది.

మావారు డాక్టరు. జె-1 అనే శిక్షణ వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో డాక్టరు శిక్షణ) చేసినవాళ్లు రెండేళ్లు ఇండియాకి వెళ్లి ఉండకుండా ఇక్కడే కొనసాగాలంటే, డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాలి. అలా 2018లో సియెర్రా నెవాడా కొండల అంచున ఉన్న ఈ ఊరికి వచ్చిపడ్డాం. మూడేళ్లనుకుని వచ్చినవాళ్లం ఇంకా ఇక్కడే ఉన్నాం. అందుకు సగం కారణం ఈ బడి.

పిల్లలు వందమంది కూడా ఉండరు. నాలుగు, ఐదు తరగతులకు కలిపి ఒకటే గది, ఒకరే టీచరు. ఆ మాట విన్నప్పుడు నాకు గుండె జారింది. నేను ఏకోపాధ్యాయ పాఠశాలలో చదివినదాన్నే. మాస్టారు ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతావాళ్లం పలక మీద ఎక్కాలు రాసుకుంటూ కూర్చునేవాళ్లం. ఇక్కడ అలా కాదు. లెక్కలకు తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెడతారు. మా వాడు నాలుగో తరగతిలోనే ఐదో తరగతి భిన్నాలు నేర్చేసుకున్నాడు. చరిత్ర మాత్రం ఏడాది మార్చి ఏడాది చెబుతారు కాబట్టి, అందరూ నాలుగులో చదివే కాలిఫోర్నియా చరిత్ర వీడు ఐదులో చదివాడు. నష్టమేమీ లేదు గానీ, బంధువుల పిల్లలతో పోల్చి నేను కొన్నాళ్లు ఊరికే టెన్షన్ పడ్డాను.

ముందే తెలిస్తే బాగుండేదనిపించింది హాజరు సంగతి. ఈ రాష్ట్రంలో బడికి డబ్బు వచ్చేది ఎంతమంది చేరారన్నదాన్ని బట్టి కాదు, రోజూ సగటున ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి. జ్వరమొచ్చి మానేసినా బడికి ఆ రోజు డబ్బు పోయినట్టే. మూడు వారాలు ఇండియా వెళ్తామంటే ప్రిన్సిపాల్ ముఖం వాడిపోవడం నేను చూశాను. తప్పుపట్టలేం, చిన్న బడికి ఆ మూడు వారాలూ బరువే. ఆ రోజుల్లో బయటే చదివిస్తామని ముందుగా ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇచ్చిన హోంవర్కంతా చేయించి తెస్తే హాజరు పడుతుంది. అమ్మమ్మగారింట్లో సంక్రాంతి పూట వాడి చేత వర్క్‌షీట్లు చేయించాను. మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

తల్లిదండ్రులు సాయం చేయాలని బలవంతం చేయకూడదని చట్టంలో ఉంది. కానీ ఇంత చిన్న బడిలో ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోతుంది. వేలిముద్రలిచ్చి, టీబీ లేదని కాగితం తెచ్చి, ప్రతి బుధవారం లైబ్రరీలో పుస్తకాలు సర్దాను. ఈ ఊళ్లో నాకు మనుషులు దొరికింది అక్కడే. మేకలు పెంచే ఒకావిడ కరివేపాకు మొక్కను చలికాలమంతా తన గ్లాస్‌హౌస్‌లో ఉంచి బతికించింది. తలా ఒకటి వండి తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌కి పులిహోర తీసుకెళ్తే మొదటి ఏడాది సగం మిగిలింది, మూడో ఏడాది గిన్నె నాకి పెట్టారు.

ఇక లోపాలు. మూడో తరగతిలో టీచరు డిసెంబరులో వెళ్లిపోతే, రెండు నెలలు రోజుకొకరు వచ్చి పాఠం చెప్పారు. పెద్ద స్కూల్లో అయితే పక్క సెక్షన్‌లోకి మార్చేవాళ్లు. ఇక్కడ పక్క సెక్షనే లేదు. మా వాడికి 'ర' పలకడానికి స్పీచ్ థెరపీ కావాలంటే, చాలాకాలం వీడియోలోనే చేయించారు. పిల్లలకి ఎక్కువ ప్రత్యేక సాయం కావాలంటే ఈ విషయం ముందే గట్టిగా మాట్లాడుకోండి. 2022 నుంచి ప్రభుత్వ బడులన్నిటిలో పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం ఉచితమే, కానీ మాంసం తినని పిల్లాడికి దాదాపు రోజూ చీజ్ పిజ్జాయే.

కొండల్లో మంటలు రేగిన సీజన్లో పొగ వల్ల ఆటలు బంద్. గాలి ఎక్కువైతే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు. బడికి నీళ్లు బోరువి కాబట్టి, కరెంటు లేకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే బడి లేదు. పొద్దున ఆరింటికి మెసేజ్ వస్తుంది. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఇది చిన్న కష్టం కాదు.

అయినా మా పాపకీ ఈ బడే కావాలనుకున్నాం. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. అన్నో అక్కో అక్కడ చదువుతుంటే ముందు చోటిస్తారు, కానీ మా వాడు 2024లోనే మిడిల్ స్కూల్‌కి వెళ్లిపోయాడు. నా ఆరేళ్ల బుధవారాలు లాటరీలో లెక్కలోకి రావు. పాపది వెయిట్‌లిస్ట్‌లో నాలుగో నంబరు.