డిక్కీ లేని బండికి తాళాల పెట్టె: ఏడేళ్ళ వాడకం తర్వాత

మా టొయోటా సియెన్నా వ్యాన్‌కి డిక్కీ లేదు. వెనక తలుపు ఎత్తితే మూడో వరుస సీటు వీపు, దాని వెనక సామాన్ల గుంట, అంతే. రైఫిల్‌తో రాష్ట్రాలు దాటాలంటే, సెడాన్ ఉన్నవాడు దాన్ని ఖాళీ చేసి డిక్కీలో పెట్టి మూత వేస్తే సగం పని అయిపోయినట్టే. వ్యాన్ వాడికి అలా కుదరదు. అందుకే 2018లో కొన్న, రైఫిల్ పెట్టుకునే ఒక ప్లాస్టిక్ హార్డ్ కేస్ గురించి ఇంత రాస్తున్నాను. బ్రాండు చెప్పను. ఇదే ఆకారంలో చాలా కంపెనీలు చేస్తున్నాయి, చూడాల్సినవి వేరే ఉన్నాయి.

కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపుల్లో పాయింట్ టూటూ రైఫిల్ పేల్చిన సరదా నాకు వర్జీనియా వచ్చాక మళ్ళీ పుట్టుకొచ్చింది. పౌరసత్వం చేతికొచ్చిన ఏడాది, పాత సైనిక రైఫిళ్ళు పౌరులకి అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం దగ్గర ఒక ఎం1 గారండ్ కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు మోసిన రైఫిల్ ఇది. ఎనిమిది తూటాల క్లిప్పు, ఆఖరి తూటా పేలగానే ఖాళీ క్లిప్పు 'టింగ్'మని ఎగిరి పడుతుంది. ఆ ప్రోగ్రాం వాళ్ళు పౌరసత్వం చూపిస్తేనే అమ్ముతారు. బయట షాపుల్లో గ్రీన్‌కార్డుతో కొనొచ్చు. హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్ళు మాత్రం జాగ్రత్త: నాన్ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, లాయర్ని అడక్కుండా వాటిని నమ్ముకోవద్దు.

నా ప్రయాణం ఏటా ఒహాయోలోని క్యాంప్ పెర్రీకి. ఈరీ సరస్సు ఒడ్డున 1907 నుంచీ జాతీయ షూటింగ్ పోటీలు జరుగుతున్న చోటు. మేరీలాండ్, పెన్సిల్వేనియా దాటాలి. 2020లో కోవిడ్ వల్ల పోటీలు రద్దయ్యాయి, ఆ ఒక్క ఏడాది తప్ప ఈ కేసు నాతో వెళ్ళని వేసవి లేదు.

ఇక అసలు చట్టం. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టంలో 926ఏ అని ఒక సెక్షన్ ఉంది. బయలుదేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ నీ దగ్గర ఉండటం, వెంట తీసుకెళ్ళడం చట్టబద్ధమైతే, మధ్య రాష్ట్రాల్లో చట్టం ఎలా ఉన్నా దాటిపోవచ్చంటుంది. షరతులు: తుపాకీలో తూటా ఉండకూడదు, తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్నచోటి నుంచి చేతికి అందకూడదు. నడిపేవాడి గదికి వేరుగా డిక్కీ లేని బండయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్సూ సీట్ల మధ్య కన్సోలూ ఆ లెక్కలోకి రావు. అంటే నా సియెన్నాలో ఆ పెట్టె మీది తాళమే చట్టం.

గారండ్ పొడవు దాదాపు 44 అంగుళాలు, కాబట్టి కేసు అంతకన్నా పెద్దది. మూడో వరుసలో సగం సీటు మడిస్తే నిలువునా పడుతుంది. బోల్టు వెనక్కి లాగి, ఖాళీ అని తెలిసేలా పసుపు జెండా లాంటి ప్లాస్టిక్ ముక్కని తూటా కూర్చునే ఛాంబర్లో దూర్చి, ఫోమ్‌లో పడుకోబెట్టి, రెండు కొసలా తాళాలు వేస్తాను. రెండెందుకంటే, ఒకటే వేసి రెండో కొస పట్టుకుని లాగి చూశాను, లాచ్ తీసి ఉంటే వేలు దూరేంత సందు వచ్చింది. కొనేటప్పుడు మీరూ అలాగే లాగి చూడండి. తాళం దూర్చే రంధ్రం చుట్టూ లోహపు పట్టీ ఉందో లేదో కూడా చూడండి. నా కేసుకి ఉంది, ఏడేళ్ళయినా చెక్కుచెదరలేదు. తూటాలు వేరే ఇనప డబ్బాలో, దానికీ తాళం. ఇక్కడివాళ్ళు దాన్ని అమో క్యాన్ అంటారు, ఎత్తిన ప్రతిసారీ మా ఆవిడ 'అమ్మో' క్యాన్ అంటుంది.

2022లో క్యాంప్ పెర్రీ చేరాక జేబులు తడుముకుంటే తాళంచెవుల గుత్తి లేదు. ఇంట్లో వంటగది గట్టు మీద ఉండిపోయింది. పక్క పాయింట్లో కాల్చే పెద్దాయన తన పికప్ నుంచి బోల్ట్ కట్టర్ తెచ్చి రెండు తాళాలూ నిమిషంలో కొరికేశాడు. కేసు మీద గీత కూడా పడలేదు, తాళాలు మాత్రం ఎంత నాసిరకమో తెలిసొచ్చింది. పోటీ అయిపోయింది, సాయంత్రం బయల్దేరదామని సర్దుతుంటే వెలిగింది: తాళం లేని పెట్టెతో ఈ వ్యాన్లో వెనక్కి వెళ్తే ఆ సెక్షన్ నన్ను కాపాడదు. రైఫిల్‌ని అక్కడే స్నేహితుడి చేతుల్లో పెట్టి, పోర్ట్ క్లింటన్ వెళ్ళి హార్డ్‌వేర్ షాపు మూసే వేళకి రెండు తాళాలు కొన్నాను. ఒకే తాళంచెవితో తెరుచుకునే జత. ఇప్పుడు ఒక చెవి నా పర్సులో, ఒకటి మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో.

వెర్మాంట్‌లో జెరికో దగ్గర జరిగే షూటింగ్ పోటీలకి రెండుసార్లు వెళ్ళాను. అక్కడ కేసు కన్నా దారే పరీక్ష. న్యూజెర్సీ మీదుగా పోతే దగ్గర. నేను ఐ-81 పట్టుకుని స్క్రాంటన్, బింగ్‌హామ్టన్ మీదుగా తిరిగి వెళ్తాను. భయమెందుకంటారా? 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకి విమానంలో వెళ్తున్న ఒకాయన, మధ్యలో న్యూజెర్సీలోని నెవార్క్‌లో విమానం అందక, తుపాకీ ఉన్న చెక్ చేసిన బ్యాగు తీసుకుని రాత్రి హోటల్లో ఉన్నాడు. పొద్దున్న మళ్ళీ బ్యాగు అప్పజెప్పబోతే అరెస్టు చేశారు. హోటల్లో ఆ రాత్రంతా తుపాకీ ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి 926ఏ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. అందుకే గట్టి చట్టాలున్న రాష్ట్రంలో నేను పెట్రోలుకీ, బాత్రూముకీ తప్ప ఆగను. రాత్రి బస పెన్సిల్వేనియాలోనే. న్యూయార్క్ ఎలాగూ తప్పదు, పులిహోర డబ్బా మీదే ఆ రాష్ట్రం దాటేస్తాం. మన ఊళ్ళో ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు, ఇక్కడ అది ఉండదు గానీ రాష్ట్రం దాటగానే రూలు మారిపోయే తలనొప్పి ఉంది.

కేసుతో నా గొడవ ఒక్కటే, ఫోమ్. సరస్సు గాలికి చెమ్మ పట్టిన రైఫిల్‌ని ఓసారి ఇంటికొచ్చాక కూడా వారం రోజులు అందులోనే ఉంచేశాను. తీసేసరికి బారెల్ పక్కన అరంగుళం మేర ఎర్రటి తుప్పు. నూనె పెట్టి రుద్దితే పోయింది, మచ్చ మిగిలింది. గాలి చొరబడని పెట్టె అని గొప్పగా చెప్తారు, లోపలి తేమ బయటికి పోదని మాత్రం ఎవరూ చెప్పరు. ఇప్పుడు రెండు సిలికా జెల్ సంచులు, ఇంటికొచ్చిన రాత్రే రైఫిల్ బయటికి.

ఒక లాచ్ మూడో ఏట వదులైంది, విడిగా దొరికితే నేనే మార్చుకున్నాను. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. నిండుగా ఉంటే మాత్రం బరువుకి నడుం పట్టేస్తుంది, యాభై దాటినవాళ్ళు చక్రాలు లేనిది కొనొద్దు. ఐదుకి నాలుగిస్తాను, పోయిన ఒకటీ ఆ తుప్పు మచ్చది.