ఫైబర్ పడవకు పాలిష్ చేయిస్తున్నారా? పైసలు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి

సోమశిల, కొల్లాపూర్ వైపు, అటు నాగార్జున సాగర్ బ్యాక్ వాటర్ మీద ఫైబర్ పడవలు నడుపుకునే అన్నలందరికీ చెప్పేది. పాత పడవను కొత్తదానిలా మెరిపిస్తామని ఊళ్ళ మీద తిరిగి పని పట్టుకునే వాళ్ళు ఉన్నారు. వాళ్ళ చేతిలో పడి మా పడవ పాడైంది. ఎవరి పేరూ రాయడం లేదు. వాళ్ళు పని చేసే తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, గుర్తుపట్టడానికి అది చాలు.

మాది ఎర్ర పడవ. అన్నదమ్ములం కలిసి చేపల వేటకు వాడుకుంటాం, ఇంకో బతుకుదెరువు లేదు. శ్రీశైలం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు ఎంత వెనక్కి పోతాయో, సంగమేశ్వరం గుడి ఎట్లా బయటపడుతుందో మీకు తెలిసిందే. ఆ నెలల్లో పడవలు ఒడ్డున ఎండలో పడి ఉంటాయి. ఫైబర్ పైన మెరుస్తూ ఉండే రంగు పొర, అంటే జెల్ కోట్‌ను తినేసేది ఆ ఎండే. పైపొరలో రంగును పట్టి ఉంచే రెజిన్ అనే జిగురు చెడిపోయి రంగుపొడి విడిపోతుంది. చెయ్యి వేస్తే సున్నం గోడకు ఆనుకున్నట్టు తెల్లగా అంటుకుంటుంది. తెల్ల పడవలో ఇది అంతగా కనిపించదు కానీ ఎరుపు, నీలం పడవల్లో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మాది పాలిపోయిన గులాబీ రంగుకు తిరిగింది.

కార్ల పాలిష్ చేసే ఇద్దరు వచ్చారు. ఫోన్‌లో ఫోటోలు చూపించారు, పన్నెండు వేలు అన్నారు, సగం అడ్వాన్స్ తీసుకున్నారు. పడవను సబ్బు పెట్టి కడగలేదు. ఉత్తి గుడ్డతో దులిపి, మిట్టమధ్యాహ్నం ఎండలోనే బఫింగ్ మిషన్ పెట్టారు. రేకు కాలినట్టు వేడెక్కిన పడవ మీద కంపౌండ్, అంటే రుద్దే పాలిష్ ముద్ద, వేస్తే వేసింది వేసినట్టే ఎండిపోతోంది. దాని మీదే మిషన్ అదిమి నొక్కుతున్నాడు. ముఖ్యంగా పక్క గోడ అడుగుతో కలిసే అంచు దగ్గర మిషన్‌ను ఒకేచోట ఆపి తిప్పాడు. కాలిన వాసన వచ్చింది. "తమ్మీ, అంచు దగ్గర మెల్లగా" అని మా అన్న అంటే, "అది జిగురు వాసన అన్నా, అట్లనే ఉంటది" అన్నాడు.

చివర్లో లేబుల్ లేని డబ్బాలోంచి ఏదో నూనె లాంటి ద్రవం తీసి స్పాంజితో పడవంతా పూశారు. నిజంగానే కళ్ళు చెదిరేలా మెరిసింది. నీళ్ళు చల్లి చూపించారు, బొట్లు బొట్లుగా జారిపోయాయి. మిగతా పైసలు తీసుకుని పోయారు.

వానలు మొదలయ్యాక మెరుపు మచ్చలు మచ్చలుగా పోయింది. మచ్చల మధ్యలో మళ్ళీ అదే తెల్లపొడి, మిగిలిన చోట దుమ్ము పట్టి జిడ్డు. అంతకంటే ఘోరం, ఆ అంచు వెంట ఎర్రరంగు పూర్తిగా పోయి లోపలి గాజునారల మ్యాట్ పోగులు కనిపిస్తున్నాయి. వేలితో తడిమితే గరుకుగా తగులుతున్నాయి. ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "మీ నీళ్ళలో ఉప్పు ఉంది, అందుకే పాలిష్ ఆగలేదు." ఇది కృష్ణ నీళ్ళు. కల్వకుర్తి ఎత్తిపోతలకు తోడేదీ ఈ నీళ్ళే, మనం తాగేదీ ఈ నీళ్ళే. సముద్రం ఎక్కడ, సోమశిల ఎక్కడ! ఇంకో ఎనిమిది వేలు ఇస్తే కోటింగ్ వేస్తామన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

హైదరాబాద్‌లో ఫైబర్ అచ్చుల పని చేసే మా చుట్టం వచ్చి చూశాడు. జెల్ కోట్ మొత్తం కలిపి సుమారు అర మిల్లీమీటరే ఉంటుంది. ఎంత మంచి పాలిష్ అయినా అందులోంచి కొంత గీకుతుంది కాబట్టి అది జన్మలో లెక్కపెట్టి చేయించుకోవాల్సిన పని. అంచుల దగ్గర మిషన్ ఒత్తిడంతా సన్నటి గీత మీద పడుతుంది, అక్కడ ముందు అరిగిపోతుంది. జెల్ కోట్ పోయిన చోట నీళ్ళు మెల్లగా మ్యాట్‌లోకి దిగుతాయి. పూసిన ద్రవం సిలికాన్ నూనె రకం అని తేల్చాడు. అది పోయిన మెరుపును తేదు, పొడి మీద తడి పొరలా కూర్చుని కొన్నాళ్ళు కప్పిపెడుతుంది, అంతే. దాన్ని పూర్తిగా తీయకుండా పైన కొత్త జెల్ కోట్ గానీ పెయింట్ గానీ వేస్తే పట్టదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది. అంటే మళ్ళీ కోటింగ్ అని వాళ్ళు అడిగిన ఎనిమిది వేలు కూడా నీళ్ళలో పోసినట్టే అయ్యేది.

అసలు పని ఎట్లా జరగాలో అతనే మా కళ్ళ ముందు ఒక మూరెడు చోట చేసి చూపించాడు. నీడలో పెట్టి, సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక గుడ్డకు ఎసిటోన్ తడిపి జిడ్డంతా తుడిచాడు. బీడీ, పొయ్యి దగ్గర లేకుండా చూసుకోండి, ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పొడి లోతుగా ఉన్నచోట నీళ్ళు పోస్తూ 1000 నంబర్ వాటర్ పేపర్, తర్వాత 1500, తర్వాత 2000. ఆ తర్వాతే కంపౌండ్, అదీ మిషన్‌ను ఎక్కడా ఆపకుండా, తక్కువ స్పీడులో. అంచుల దగ్గర మిషన్ పక్కన పెట్టి చేత్తోనే రుద్దాడు. చివరికి వ్యాక్స్. గులాబీ రంగులోంచి అసలు ఎరుపు బయటికి వచ్చింది, మా అన్న ఆ చోటును పదేపదే తడిమి చూశాడు. వ్యాక్స్ కూడా శాశ్వతం కాదు, కొన్ని నెలలకోసారి వేస్తూ ఉండాలి, ఒడ్డున ఉన్నప్పుడు గాలి ఆడేలా టార్పాలిన్ కప్పాలి. జీవితకాలం గ్యారంటీ అన్నవాడి మాట అక్కడితో ఆపేయండి.

కాబట్టి ఎవరైనా పని అడిగితే ముందు పడవ వెనక మూల ఒక చిన్న చోట చేసి చూపించమనండి. చేశాక ఎసిటోన్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడవండి. నిజంగా రుద్ది తెచ్చిన మెరుపైతే వ్యాక్స్ పోయినా చాలావరకు నిలుస్తుంది. నూనె మెరుపైతే గుడ్డకు వచ్చేసి కింద పాలిపోయిన రంగు బయటపడుతుంది. పూసే డబ్బా మీద పేరు లేకపోతే పూయనివ్వకండి. నీళ్ళు చల్లి బొట్లు చూపించడం పరీక్ష కానే కాదు, ఏ నూనె రాసినా నీళ్ళు అట్లాగే జారతాయి. సెకండ్ హ్యాండ్ పడవ కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్త. పాత పడవ మరీ మెరుస్తుంటే అంచుల వెంట, నట్ల చుట్టూ ఎసిటోన్ గుడ్డ పెట్టి చూసి, అప్పుడు బేరం మాట్లాడండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు పైసలు పంపిన ఫోన్‌పే రికార్డు, ముందూ వెనకా ఫోటోలు, వాట్సాప్ మాటలు ఏవీ తీసేయకండి. 1915 నంబర్‌కు ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు ఫిర్యాదు తీసుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు మొత్తానికి ఫీజు ఉండదు. పడవ వ్యాపారానిది కదా అని వాళ్ళు తప్పించుకోవాలని చూస్తారు. సొంతంగా నడుపుకుని బతకడానికి వాడుకునేవాళ్ళను 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. మేము ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఇదే పద్ధతిలో మీ పడవ కూడా పాడై ఉంటే చెప్పండి, అందరం కలిసి వెళ్దాం.